జోరీగ కుట్టిన పుట

"పుస్తకం మీ చేతికి తిరిగొచ్చిందా, ఫాదర్?"

"వచ్చింది."

"బీరువాలో పెట్టి తాళం వేసింది మీరేనా?"

"నేనే."

"ఆ తర్వాత ఆ బీరువా ఇంకెవరైనా తెరిచారా?"

"లేదు."

కాస్పర్ ఎగ్లి రికార్డింగు ఆపి ఫోన్‌ని బల్ల మీద బోర్లించాడు. పేకాటలో ఆఖరి ముక్క దించినవాడి మొహం పెట్టాడు.

"విన్నారుగా, ఇన్‌స్పెక్టర్ గారూ? నిన్న సాయంత్రం ఆయన నోటితో ఆయనే చెప్పిన మాటలు. పుస్తకం వచ్చింది, తాళం వేశాడు, ఇంకెవరూ తెరవలేదు. ఇప్పుడు చూస్తే అందులో ఆకు లేదు. కంచే చేను మేసింది. ఇంతకంటే మీకేం కావాలి?"

ఇన్‌స్పెక్టర్ ఉర్సీనా కాదుఫ్ కోటు జేబు తడుముకుంది. అందులో ప్రాసిక్యూటర్ సంతకం పెట్టిన కాగితం ఉంది. ఎగ్లి రిపోర్టు చదివి ఆయన ఇచ్చిన ఉత్తర్వు అది. మఠంలో మధ్యాహ్న భోజనం గంట మోగేలోగా వేరే ఆధారం దొరక్కపోతే ఫాదర్ ఈజోని అరెస్టు చేసి పట్నం తీసుకురావాలి. తీసుకెళ్లాల్సింది ఎగ్లి కాదు, అతను బీమా కంపెనీ తరఫు మనిషి. బేడీలు ఉన్నది ఉర్సీనా దగ్గర.

ఎదురుగా ఫాదర్ ఈజో కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. గ్రౌబుండెన్ కొండల్లోని ఈ సాన్ ఫ్లూరిన్ మఠం గ్రంథాలయానికి నలభై ఏళ్లుగా ఆయనే కాపలా. నల్లటి అంగీ మీద తోలు పటకా ఉంది గానీ, దానికి ఎప్పుడూ వేలాడే తాళాల గుత్తి ఇవాళ లేదు. పొద్దున్నే మఠాధిపతి అడిగి తీసేసుకున్నాడు. ముసలాయన చెయ్యి మాటిమాటికీ ఆ ఖాళీ చోటికి పోయి తిరిగొస్తోంది. అది చూసినప్పుడల్లా ఉర్సీనా చూపు తిప్పుకుంటోంది. చిన్నప్పుడు ఆమెకి ప్రార్థనలు నేర్పింది ఈయనే.

పోయింది మామూలు ఆకు కాదు. పన్నెండు వందల ఏళ్ల కిందట ఈ మఠం సన్యాసులు, ఈ మఠం దూడల తోలు మీదే, దావీదు కీర్తనల పుస్తకం రాసుకున్నారు. అందులో బంగారు బొమ్మ ఉన్న ఆకు ఒక్కటే. సితారా మీటుతున్న దావీదు బొమ్మ. మఠాలు తిరిగి పాత పుస్తకాలకి ఫోటోలు తీసే పండితుడు డాక్టర్ సెవెరిన్ లోహర్, అక్టోబరులో ఆ పుస్తకానికి ఫోటోలు తీసి కంప్యూటర్‌కెక్కించాడు. ఆ ఫోటోల్లో దావీదు నిక్షేపంగా ఉన్నాడు. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. పోయిన సోమవారం డబ్లిన్ నుంచి ఒక పరిశోధకురాలు వచ్చి అసలు పుస్తకం తెరిపిస్తే దావీదు లేడు, ఆకు కోసేయగా మిగిలిన అంచు ఉంది. ఈ మధ్యకాలమంతా పుస్తకం ఈజో తాళం కిందే ఉంది. ఎగ్లి కేసంతా ఇంతే. ఇంతే గానీ, గట్టిది.

"ఎగ్లి గారూ, మీరు జూరిక్ మనిషి," అంది ఉర్సీనా చివరికి. "మా లోయలో ఈజో ఫాదర్ గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఒకసారి మా నాన్న ఆవుల్ని తోలుకుపోతూ, వంతెన మీద మంచు పేరుకుందా ఫాదర్ అని అడిగాడట. లేదన్నారు. తీరా పోయి చూస్తే వంతెనే లేదు. ముందు రోజు వాగు ఎత్తుకుపోయింది."

ఈజో మొహం ఎర్రబడింది. "మీ నాన్న వంతెన గురించి అడగలేదమ్మా," అన్నాడు మెల్లిగా. "మంచు గురించే అడిగాడు."

"అదీ సంగతి. అడిగినదానికి జవాబు, అంతకుమించి ఒక్క మాట ఉండదు. మఠంలో అదే మర్యాద. ఈయన్ని అడగడం చేతకావాలి."

"నాది ఇరవై ఏళ్ల సర్వీసు, మేడమ్. ప్రశ్నలడగడం మీ దగ్గర నేర్చుకునే ఖర్మ నాకింకా పట్టలేదు."

"కాసేపాగండి, పడుతుంది." ఉర్సీనా కుర్చీ ముందుకు లాక్కుంది. "ఫాదర్, లోహర్ గారు పుస్తకం తిరిగి తెచ్చిన రోజు, మీరు చెయ్యాల్సి ఉండీ చెయ్యని పని ఏదైనా ఉందా?"

ఈజో తల దించుకున్నాడు. చెయ్యి మళ్లీ పటకా దగ్గరికి పోయింది. ఎగ్లి ఏదో అనబోతే ఉర్సీనా చూపుతోనే ఆపింది.

"ఉంది," అన్నాడు ఈజో. "ఆకులు లెక్కపెట్టలేదు."

"ఎప్పుడూ లెక్కపెడతారా?"

"పుస్తకం గడప దాటి వెళ్లినా, దాటి వచ్చినా ఒక్కో ఆకూ తిప్పి లెక్కపెడతాను. ఆ రోజు డాక్టర్ గారు పుస్తకం నా చేతిలో పెట్టేసరికి సాయంకాలం ప్రార్థనకి గంట మోగింది. గంట మోగితే చేతిలో పని చేతిలోనే వదిలేసి పోవాలి. రాస్తున్న అక్షరం సగంలో ఉన్నా సరే. మా నియమం అది. బీరువాలో పెట్టి, తాళం వేసి పరిగెత్తాను."

"మర్నాడు?"

"మర్నాడు మర్చిపోయాను. నలభై ఏళ్లలో మొదటిసారి."

ఎగ్లి బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "నిన్న నాకు ఈ ముక్క ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు," అన్నాడు ఈజో, ఎంతో మర్యాదగా.

ఉర్సీనాకి నవ్వాగలేదు. ఎగ్లికి ఆ నవ్వు కారం రాసినట్టయింది. "సంతోషించకండి. లోహర్ గారిని నేను ఇదివరకే అడిగాను. తన ఎదుటే ఈయన ఆకులన్నీ లెక్కపెట్టుకున్నాడని ఆయన చెప్పారు. ఒకవైపు యూరప్ అంతా గౌరవించే పండితుడు, ఇంకోవైపు బీరువా తాళాలున్న ముద్దాయి. ప్రాసిక్యూటర్ ఎవరి మాట నమ్ముతారంటారు?"

"మాటలు వద్దు. ఫోటోలు తీసిన గది చూద్దాం పదండి. ఫాదర్, మీరూ రండి."

"గంట మోగడానికి ఎంతో సేపు లేదు."

"అబ్బ, చెవిలో జోరీగలా రొద పెట్టకండి, ఎగ్లి గారూ. మోగినప్పుడు నాకూ వినిపిస్తుంది."

* * *

ఒకప్పుడు మఠం రొట్టెలు కాల్చుకున్న గది అది. పొయ్యి తీసేసి, కిటికీలకి నల్లగుడ్డ కట్టి, పైకప్పు నుంచి కెమెరా వేలాడదీశారు. కెమెరా కింద పుస్తకం వెన్ను విరగకుండా ఆనించే పెద్ద చెక్క వ్యాసపీఠం ఉంది. దాని రెండు రెక్కలూ మూరెడేసి వెడల్పు. పైన బూడిదరంగు ఉన్నిగుడ్డ అంటించారు. పక్కబల్ల మీద కీర్తనల పుస్తకం తెరిచి ఉంది. ఎగ్లి పొద్దున్నే సాక్ష్యం కోసం తెప్పించాడు. కోసిన అంచు బ్లేడుతో గీసినంత నున్నగా ఉంది.

మఠంలోని మిగతా పుస్తకాలకి ఇంకా ఫోటోలు తీస్తున్న డాక్టర్ లోహర్ చిరునవ్వుతో ఎదురొచ్చాడు. నెరిసిన జుట్టు, మెడలో పట్టు రుమాలు, టీవీలో మాట్లాడి మాట్లాడి సానబట్టిన గొంతు.

"రండి ఇన్‌స్పెక్టర్ గారూ. పాపం ఫాదర్‌ని చూస్తుంటే నా మనసు తరుక్కుపోతోంది. నా కారు వెతకండి, నా ఇల్లు వెతకండి, హోటల్లో నా గది వెతకండి. మీ పని తేలిక చెయ్యడమే నాకు కావాలి."

వంటశాల బ్రదర్ దారిలో అందించిన కాఫీ కప్పు ఇంకా ఉర్సీనా చేతిలోనే ఉంది. వాల్‌నట్ కేకు ముక్క అప్పుడే నోట్లోకి పోయింది. మాట్లాడుతూ కప్పుని పక్కబల్ల మీద, కీర్తనల పుస్తకానికి బెత్తెడు దూరంలో పెట్టేసింది.

"అమ్మాయ్!" ఈజో కేక గోడలకి కొట్టుకుంది. "పుస్తకం దగ్గర కాఫీయా! మతిపోయిందా నీకు!"

తనని అరెస్టు చెయ్యబోయే మనిషిని ఆయన అలా తిట్టాడు. ఉర్సీనా నాలిక కరుచుకుని కప్పు తీసింది. "పర్లేదు ఫాదర్, ఒలకలేదుగా," అన్నాడు లోహర్ నవ్వుతూ.

"డాక్టర్ గారూ, మీరు పని ఎలా చేస్తారో నాకు అర్థమయ్యేలా చెప్పండి," అంది ఉర్సీనా. "నేను ఆవులు కాసుకునేవాడి కూతుర్ని."

లోహర్‌కి ఇలాంటి అవకాశమిస్తే పండగ. పుస్తకం మొదటినుంచి చివరిదాకా ముందు అన్ని ఆకుల ముందువైపులూ తీస్తారట. తర్వాత పుస్తకం తిప్పి పెట్టి, అన్ని ఆకుల వెనకవైపులూ తీస్తారట. కెమెరాని మాటిమాటికీ కదపక్కర్లేదు. ఆ రోజు పొద్దుట ముందువైపులు, మధ్యాహ్నం నుంచి వెనకవైపులు, మొత్తం ఆయనే ఒంటరిగా తీశాడు.

"మా కెమెరా సంగతి మీకు తెలీదు," అన్నాడు తెరముందు కూర్చుంటూ. "దూడ తోలు మీద వెంట్రుక ఊడిన చుక్క కూడా కనపడుతుంది. కలంలో సిరా అయిపోతే సన్యాసి ఎక్కడ మళ్లీ ముంచాడో చెప్పగలం. దీని కంట పడకుండా ఏదీ తప్పించుకోలేదు."

"అయితే పోయిన ఆకు చూపించండి. రెండువైపులూ పక్కపక్కన."

తెర మీద దావీదు వెలిగాడు. పక్కన అదే ఆకు వెనకవైపు, నల్లటి సిరాతో రాసిన కీర్తన. ఆకు కిందిభాగంలో బఠాణీ గింజంత కన్నం ఉంది. పన్నెండు వందల ఏళ్ల కిందటి రాతగాడు విసుక్కోకుండా దాని చుట్టూ అక్షరాలు జరుపుకుంటూ రాసుకుపోయాడు.

"ఇది పురుగు తిన్నదా?"

"కాదు, తోలులోనే ఉన్న లోపం. మా పరిభాషలో..."

"జోరీగ," అంది ఉర్సీనా. "దూడ బతికుండగా కుట్టి ఉంటుంది. తోలు చట్రానికి బిగించి లాగితే ఆ చోట ఇలా విచ్చుకుంటుంది. మా కొట్టంలో ఇలాంటి తోళ్లు బోలెడు." ఆమె తెరకి మొహం ఆనించినంత దగ్గరికి వంగింది. ముందువైపు ఫోటోలో ఆ కన్నంలోంచి ఎర్రటి గీత ఒకటి తొంగిచూస్తోంది. "ఫాదర్, ఈ ఎరుపు ఏమిటి?"

"కింది ఆకు మీది పెద్దక్షరం తోకమ్మా," అన్నాడు ఈజో. ఆ పుస్తకం ఆయనకి కంఠతా వచ్చు. "కన్నంలోంచి కింది ఆకు కనిపిస్తుంది. ఏ పుస్తకంలోనైనా అంతే."

"మరి వెనకవైపు ఫోటోలో ఏం కనపడాలి?"

"ఆకు తిరగేశాం కాబట్టి, దాని ముందున్న ఆకు కనపడాలి. 'నీతిమంతులు' అన్న మాట ఉంటుంది అక్కడ."

అందరూ తెర వైపు చూశారు. వెనకవైపు ఫోటోలో, కన్నంలోంచి ఏ మాటా కనపడలేదు. ఖాళీగా, బూడిదరంగులో ఉంది.

ముందుగా తేరుకున్నది లోహర్.

"ఓహో, అదా! కన్నాలున్నచోట వెనక కాగితం పెడతాం, ఇన్‌స్పెక్టర్ గారూ. కింది అక్షరాలు కనపడి చదివేవాళ్లు తికమక పడకుండా. మామూలు పద్ధతే."

"చూశారా?" ఎగ్లి ఊపిరి పీల్చుకున్నాడు. "దీన్నే ఈకలు పీకడం అంటారు. ఆ మాత్రానికి పండితుణ్ణి పట్టుకుని నిలదీస్తున్నారు."

"మామూలు పద్ధతైతే మంచిదే. ఈ పుస్తకంలో కన్నాలున్న మిగతా ఆకులు చూపించండి, వెనకవైపులు మాత్రమే."

లోహర్ చూపించక తప్పలేదు. ఒకదాని తర్వాత ఒకటి. ప్రతి కన్నంలోంచీ కింది ఆకు అక్షరాలు తొంగిచూశాయి. ఒక్కదాని వెనకా కాగితం లేదు.

"ఈ ఒక్క ఆకుకే ఎందుకంత శ్రద్ధ?"

"బంగారం ఉన్న ఆకు కదా! సున్నితమైనది."

"బంగారం ముందువైపు ఉంది, డాక్టర్ గారూ. మీరు కాగితం పెట్టానంటున్నది వెనకవైపు తీస్తూ. అక్కడున్నది ఉత్త సిరా." ఉర్సీనా కన్నం మీద వేలు పెట్టింది. "మీ కెమెరా వెంట్రుక ఊడిన చుక్క కూడా చూపిస్తుందన్నారు. ఇక్కడ పెద్దది చెయ్యండి. ఇంకా... ఇంకా పెద్దది."

బఠాణీ గింజంత కన్నం పళ్లెమంత అయింది. బూడిదరంగు నిండా సన్నటి పోగులు, చిందరవందరగా, గొర్రె ఒంటి మీది బొచ్చులా.

"ఎగ్లి గారూ, మీ ఇరవై ఏళ్ల సర్వీసులో నూగున్న కాగితం ఎక్కడైనా చూశారా?"

ఎగ్లి తెరని చూశాడు. తర్వాత వ్యాసపీఠం మీది బూడిదరంగు ఉన్నిగుడ్డని చూశాడు. మళ్లీ తెరని చూశాడు. చెడ్డ మనిషేం కాదతను, తొందర ఎక్కువంతే. కళ్ల ముందున్నది అర్థం కానంత మొద్దూ కాదు.

"ముందువైపు తీసేటప్పటికి ఆకు పుస్తకంలోనే ఉంది," అంది ఉర్సీనా. "వెనకవైపు తీసేటప్పటికి ఉత్త ఆకే ఉన్నిగుడ్డ మీద పడుకుని ఉంది. అంటే కోత ఆ రెండు ఫోటోల మధ్య పడింది, ఈ గదిలోనే. కోసిన ఆకుకి వెనకవైపు ఫోటో ఎందుకు తీశాడంటారా? ఆ ఒక్క ఫోటో లేకపోతే ఆకు పోయిందని ఆ రోజే తేలిపోతుంది కదా. ఆ ఫోటో ఎప్పుడు తీసినట్టుంది, డాక్టర్ గారూ? కింద టైము ఉంది, కనపడుతోంది. పన్నెండున్నర, మఠమంతా భోంచేసే వేళ. మిగతా వెనకవైపులన్నీ భోజనాల తర్వాతవి."

"పన్నెండున్నరకి ఈజో ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు?" అన్నాడు లోహర్. గొంతులో సాన తగ్గింది.

ఉర్సీనా ముసలాయన వైపు తిరిగింది. ఈసారి ఎలా అడగాలో ఆలోచించుకుని మరీ అడిగింది. "ఫాదర్, ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మీరేం తిన్నారు?"

"ఏమీ తినలేదు."

"ఎందుకు?"

"ఆ వారం పుస్తకం చదివే వంతు నాది. అందరూ మాట్లాడకుండా తింటారు, ఒకరు పైన నిలబడి చదువుతారు. చదివినవాడు చివర్లో తింటాడు. కొండల్లో రైలు సొరంగాలు తవ్విన ఇంజినీరు జీవితచరిత్ర చదివాను."

"మఠం మొత్తం సూప్ తాగుతూ ఈయన గొంతు విన్నది, ఎగ్లి గారూ. సొరంగం ఎంతదాకా తవ్వారో ఒక్కొక్కర్నీ అడిగి చూసుకోండి."

లోహర్ లేచి నిలబడ్డాడు. మొహం మీదికి మళ్లీ చిరునవ్వు తెచ్చుకున్నాడు. "ఊహలు బాగున్నాయి. నూగు, సూప్, జోరీగ. కానీ ఆకేదీ? కారు వెతుక్కోమన్నాను, ఇల్లు వెతుక్కోమన్నాను. దొరికితే మాట్లాడదాం. ఉత్త ఫోటో పట్టుకుని కోర్టుకెళ్తే నా లాయరు నవ్వుతాడు."

అది నిజమే. ఆకు లేనిదే కేసు సగమే. ఉర్సీనా ఆలోచిస్తూ నాలుగడుగులు వేసింది. బంగారం పూసిన తోలుని మడవకూడదు, చుట్టకూడదు. చదునుగా, చీకట్లో, చల్లగా ఉంచాలి. ఈ మనిషి మఠం నుంచి మఠానికి తిరిగేవాడు, సరిహద్దులు దాటేవాడు. కారు, ఇల్లు, హోటలు అని తనంతట తానే లెక్క చెప్పాడు. చెప్పనిదేమిటి?

ఆమె చల్లారిన కాఫీ కప్పు తీసుకెళ్లి ఖాళీ వ్యాసపీఠం మీద పెట్టింది.

"తియ్యండి! ముందది తియ్యండి!" లోహర్ అంత దూరం నుంచీ ఒక్క గెంతులో వచ్చి కప్పు లాగేశాడు. పట్టు రుమాలు మీద కాఫీ చింది మచ్చ పడింది. దాన్ని చూసుకోనే లేదు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. ఉర్సీనా మెల్లిగా నవ్వింది. "పన్నెండు వందల ఏళ్ల పుస్తకం పక్కన కాఫీ పెడితే పర్లేదన్నారు. ఉత్త చెక్క మీద పెడితే ఇంత కంగారా?"

"అది... అది ప్రత్యేకంగా చేయించిన పరికరం."

అప్పుడే భోజనం గంట మోగింది.

ఈజో అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. తర్వాత ఆ గంట ఇవాళ ఎందుకు మోగుతోందో గుర్తొచ్చి, ఉర్సీనా వైపు చూశాడు. ఎగ్లి కూడా ఆమెనే చూశాడు. "గంట మోగింది," అన్నాడు, కానీ ఆ గొంతులో పొద్దుటి ధీమా లేదు.

"మోగింది. ఎవర్ని కారెక్కించాలో ఒక్క నిమిషంలో చెప్తాను." ఉర్సీనా జేబుకత్తి తీసి, వ్యాసపీఠం ఎడమ రెక్క అంచున ఉన్నిగుడ్డ కిందికి దూర్చింది. జిగురు కొత్తది, తేలిగ్గా లేచింది. గుడ్డ కింద చెక్క లేదు. పలకంత గూడు ఉంది. గూట్లో పల్చటి తెల్లకాగితంలో చదునుగా కట్టిన పొట్లం ఒకటి ఉంది.

లోహర్ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఎగ్లి జేబులోంచి తెల్ల గ్లవ్స్ తీసి తొడుక్కుంటూ ముందుకొచ్చాడు.

"గ్లవ్స్ తియ్యవయ్యా!" ఈజో గద్దించాడు. "గుడ్డ తొడిగిన వేలికి ఏం తెలుస్తుంది? అంచు చింపేస్తావు. ఎవరూ ముట్టుకోకండి."

ముసలాయన మూలనున్న కుళాయి దగ్గరికెళ్లి, అంగీ చేతులు మడిచి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. వేలు వేలునా తుడుచుకున్నాడు. అంతసేపూ ఒక పోలీసు, ఒక బీమా మనిషి, ఒక దొంగ బుద్ధిగా నిలబడి చూశారు. తర్వాత వచ్చి పొట్లం విప్పాడు.

దావీదు! బంగారం అలాగే ఉంది. ఈజో రెండు అరచేతుల మీదా ఆకుని ఎత్తి తెచ్చి, పుస్తకంలో కోసిన అంచుకి ఆనించాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. జోరీగ కన్నంలోంచి కింది ఆకు ఎర్రక్షరం తోక తొంగిచూసింది. ముసలాయన ఏడుస్తున్నాడు, కానీ కన్నీళ్లు తోలు మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకునే ఏడుస్తున్నాడు. ఉర్సీనాకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఇరవై దాకా కేసులు ఛేదించింది గానీ ఇంత సంతోషం ఏ కేసులోనూ కలగలేదు.

బేడీలు తీసి లోహర్ చేతులకి వేసింది. ప్రాసిక్యూటర్ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ఎగ్లి చేతిలో పెట్టింది. "దాచుకోండి, మీ సర్వీసులో గుర్తుగా."

ఎగ్లి రెండు చేతులా పుచ్చుకున్నాడు. ఓడిపోయినవాడు అలా పుచ్చుకోవడం కూడా ఒక గొప్పే.

"ఉర్సీనా," పిలిచాడు ఈజో. "పొట్లంలో ఇంకా ఉన్నాయి."

ఇంకో మూడు ఆకులు. ఈజో మొదటిదాని మీదికి వంగాడు. పేజీ మొదట్లో పెద్దక్షరం, చేప ఆకారంలో చుట్టుకుని, ఆకుపచ్చ కన్నుతో. చూస్తూ చూస్తూ ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఇది మాది కాదు. ఆల్టెన్‌వెర్డ్ మఠం వాళ్లది. అక్కడ పుస్తకాలు చూసుకునేవాడు ఫాదర్ ఓట్మార్. నేనూ వాడూ కలిసి చదువుకున్నాం. రెండేళ్ల కిందట ఈ ఆకు పోయింది. దొంగవని వాణ్ణి గ్రంథాలయంలోంచి గెంటేశారు. ఇప్పుడు కొండ మీది చిన్న గుడిలో కోళ్లు మేపుకుంటున్నాడు. నాకు ఉత్తరం రాయడం కూడా మానేశాడు."

"ఆ కేసు ఎవరు చూశారు?" అంది ఉర్సీనా.

ఈజోకి తెలీదు. లోహర్ మాత్రం ఎగ్లి వైపు చూసి పెదవి విరిచాడు. ఎగ్లి మొహం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది.

"నేనే," అన్నాడు. "ఆ రిపోర్టు నాదే. ఆయన్ని కూడా అవే ప్రశ్నలడిగాను."

ఉర్సీనా నోటిదాకా వచ్చిన వెటకారం అక్కడే ఆగిపోయింది. ఈజో దగ్గర ఆ కొండ గుడి నంబరు ఉంది, రెండేళ్లుగా చెయ్యని నంబరు. ఆమె దాన్ని తన ఫోన్‌లో నొక్కి, స్పీకరు పెట్టి, ఎగ్లి ముందుకి చాచింది.

"ఇది మీరు చెయ్యాల్సిన పని."

చాలాసేపు మోగింది. తర్వాత ఒక ముసలి గొంతు, వెనక కోళ్ల గోల. "ఎవరు?"

"ఫాదర్ ఓట్మార్, నేను కాస్పర్ ఎగ్లిని. బీమా కంపెనీ..."

అవతల కోళ్లని అదిలించిన చప్పుడు. "ఇంకా ఏం అడగాలి నాయనా?" అంది గొంతు. "నాకు తెలిసినదంతా అప్పుడే చెప్పానే."

"అడగడానికి కాదు, ఫాదర్. చెప్పడానికి." ఎగ్లి గొంతు సవరించుకున్నాడు. "మీ ఆకు దొరికింది. మీరు తియ్యలేదని తేలింది. నేను తప్పు చేశాను."

"నేను తియ్యలేదని నాకు తెలుసు కదా," అన్నాడు ఓట్మార్. "ఆకు ఎలా ఉంది? తడి గానీ తగిలిందా?"

ఎగ్లి ఫోన్ అందుకుని ఈజో వైపు తిప్పాడు. ఈజో వచ్చి పక్కనుంచి దానిలోకి అరిచాడు. కొండకి వినపడాలన్నట్టే అరిచాడు.

"ఏమీ కాలేదు రా ఓట్మార్! చేప కన్ను కూడా చెక్కుచెదరలేదు! రేపు పొద్దున్నే కారు పంపిస్తున్నాం, వచ్చి నీ ఆకు నువ్వే తీసుకుపో!"

అవతల ఏడుపో నవ్వో తెలియని చప్పుడొకటి వచ్చింది. ఈజో ఫోన్ చెవికి ఆనించుకుని కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు. రెండేళ్ల మాటలు ఒక్కసారిగా, అడక్కుండానే, ఆయన నోట్లోంచి ఊడిపడుతున్నాయి.

ఉర్సీనా పొట్లంలో మిగిలిన రెండు ఆకుల్నీ ముట్టుకోకుండా చూసింది. తర్వాత లోహర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చెప్పండి డాక్టర్ గారూ. ఈ రెండూ ఏ మఠాలవి? అక్కడ ఇప్పుడు కోళ్లు మేపుకుంటున్నది ఎవరు? పేర్లు చెప్పండి చాలు. ఫోన్లు ఎగ్లి గారు చేస్తారు."

ఎగ్లి గ్లవ్స్ విప్పి జేబులో పెట్టుకుని, వాళ్ల ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.